మసక నీటిలో ఒక్క రాయి చాలు

నెల్లూరు, ప్రకాశం తీరంలో స్కూబా డైవింగ్‌కు అండమాన్ నీళ్లను ఊహించుకుని దిగకూడదు. పెన్న, గుండ్లకమ్మ మోసుకొచ్చే ఒండ్రు, అడుగున బురద కలిసిన ఇసుక, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు కలిసి చాపిన చెయ్యి కూడా కనపడకుండా చేసే రోజులుంటాయి. జీవులకు మాత్రం కొదవ లేదు. వాటిని చూడాలంటే ఈదులాట మానేసి, ఒక్క రాతి చుట్టూనే డైవ్ మొత్తం గడపాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు వద్దు. ఫిబ్రవరి, మార్చిలో తెల్లవారగానే, సముద్రపు గాలి లేవకముందు దిగడం మేలు. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ సూచనలో కెరటం ఎత్తొక్కటే చూస్తే సరిపోదు, వ్యవధి, అంటే కెరటానికీ కెరటానికీ మధ్య సమయం కూడా చూడాలి. 5 సెకన్ల కెరటం 12 మీటర్ల లోతుకు చేరేసరికి నీరసిస్తుంది. 12 సెకన్లదైతే ఎత్తు తక్కువే అయినా అడుగుదాకా ఊపి బురద లేపుతుంది.

చోటు చెప్పగలిగేది బోటు నడిపే సరంగే. వల ఎక్కడెక్కడ చిక్కుతుందో అడగండి, రాళ్లుండేది అక్కడే. తెగిన వలలు వేలాడేదీ అక్కడే. అందుకే కోత పరికరాలు రెండు కావాలి. ఏ చేత్తోనైనా అందేలా ఒకటి ఛాతీ మీద, ఒకటి నడుముకు పెట్టుకోవాలి. చిక్కుకుంటే గిరగిరా తిరగొద్దు, ఇంకా చుట్టుకుంటుంది. కదలకుండా ఉంటే బడ్డీ, అంటే మీకు జతగా దిగిన డైవర్, వచ్చి కోస్తాడు.

బరువు కట్టిన తాడును పైన తేలే బోయాతో వదిలి, దాన్ని పట్టుకునే దిగాలి, దాన్నే పట్టుకుని ఎక్కాలి. అడుగున, దారి తప్పకుండా చేతిలోని రీలు దారాన్ని ఆ తాడుకే కట్టి, పది మీటర్లకు మించి వదలకూడదు. బడ్డీకీ మీకూ మధ్య మీటరున్నర తాడుండాలి. ఎన్ని లాగులకు ఏమిటర్థమో బోటులోనే తేల్చుకోండి. తప్పిపోతే నిమిషం వెతికి, దొరక్కపోతే ఇద్దరూ పైకి రావాలి. కిందే వెతుకుతూ గాలి అయిపోగొట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

గాలి లెక్క కాగితం మీద వేయాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ పీడనం ఉంటే 2400 లీటర్ల గాలి. అందులో మూడో వంతు 800 లీటర్లే చూడ్డానికి. తిరిగి రావడానికి అంతే, అత్యవసరానికి అంతే. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి 12 మీటర్ల లోతులో పీడనం 2.2 రెట్లు కాబట్టి 44 అవసరం. అంటే 18 నిమిషాలు. మసకలో కంగారు పుట్టి ఆ 20 కాస్తా 30 అయితే మిగిలేది 12 నిమిషాలే. కొత్తవాళ్లు తప్పేది ఈ లెక్కే.

రాతి దగ్గర కప్పలా కాళ్లను పక్కలకు తన్నుతూ, అడుగుకు అర మీటరు పైనే ఉండాలి. కాళ్లకు తొడిగిన ఫిన్లు కిందికి కొడితే లేచిన బురద ఆ డైవ్‌లో మళ్లీ అణగదు. టార్చిని కళ్లకు దూరంగా, పక్క నుంచి వేయాలి. ఎదురుగా వేస్తే పొగమంచులో హైబీమ్ వేసినట్టే. కెమెరా ఫ్లాష్‌కీ అంతే, ఫ్లాష్‌ను పట్టి ఉంచే కడ్డీలను బాగా బయటికి చాపి, జీవికి 30 సెంటీమీటర్ల లోపే తీయాలి. కెరటాల ఊపు ఒక దిక్కుకు లాగినప్పుడు ఎదురీదకండి, తిరిగి తెచ్చేదాకా ఆగండి. రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంటే పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లు వాటంతట అవే బయటికొస్తాయి.

మోకాళ్లు ఆనించవద్దు. బురదలో టేకు చేప (స్టింగ్‌రే) కప్పుకుని ఉంటుంది. ముల్లు దిగితే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలు దాటకుండా ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్కుపాము అనే సముద్రపు పాము విషం చాలా తీవ్రం, దానికి దారివ్వండి. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలును వెంబడించకండి. అది ఊపిరికి పైకి పోవాలి, పైగా 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది.

నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో ఎక్కి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలాగండి. నీటిపైకి వచ్చాక కూడా నోటికి గాలి అందించే రెగ్యులేటర్ తీయకండి. ఎంజిన్ ఆగిందని సరంగు చెయ్యెత్తి చూపేదాకా నిచ్చెన దగ్గరికి వెళ్లవద్దు.