న్యూమార్కెట్‌లో దించిన చేతులు

మనకు చేతులెత్తేయడం అంటే ఓటమి ఒప్పుకోవడం. ఇంగ్లీషులో ‘విన్ హ్యాండ్స్ డౌన్’ అంటే సునాయాసంగా గెలవడం అని చదివిన నాటి నుంచి, ఆ దించిన చేతులు ఎవరివో, ఎందుకు దించారో కళ్లారా చూడాలని నాకు ఉండేది. ఆ కోరికతోనే నిరుటి వేసవిలో లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి, కేంబ్రిడ్జిలో మారి, సఫోక్‌లో గుర్రపు పందేలకు పేరుపొందిన న్యూమార్కెట్‌కు వెళ్లాను.

1750 నాటి గుర్రపు పందేల సంస్థ జాకీ క్లబ్బుకు నెలవైన ఆ ఊళ్లో గుర్రానిదే పెద్దరికం. రెండవ చార్లెస్ రాజు గుర్రం ఓల్డ్ రౌలీ పేరే ఇప్పటికీ రౌలీ మైల్ పందెపు బాటకు ఉంది. తెల్లవారగానే వారెన్ హిల్ దగ్గర నిలబడితే, బారులు తీరి రోడ్డు దాటే గుర్రాల కోసం కార్లన్నీ ఆగిపోయాయి. ఏటవాలు పచ్చికపై అవి పైకి పరుగెత్తుతున్నంతసేపూ నేను రౌతుల చేతులనే చూస్తూ ఉన్నాను. పగ్గాలు పొట్టిగా బిగించి పట్టిన ఆ చేతులు గుర్రం మెడ కదలికతో పాటే ముందుకు, వెనక్కు ఆడుతూ ఉన్నాయి.

మధ్యాహ్నం అక్కడి మరో పందెపు బాట జులై కోర్సులో పందేలు చూసినప్పుడు అసలు సంగతి అర్థమైంది. చివరి రెండు వందల మీటర్లలో వెనుకబడిన జాకీలందరూ ఒళ్లంతా వంచి, చేతులతో గుర్రాలను ముందుకు తోస్తూ ఆరాటపడుతుంటే, అందరికన్నా ఎంతో ముందున్న ఒక్కడు మాత్రం ఆ తోపు ఆపి, చేతులు కిందికి దించి, పగ్గాలు వదులు చేసి గీత దాటాడు. పందొమ్మిదో శతాబ్దపు పందేల నుంచి మామూలు భాషలోకి వచ్చిన మాట ఇదే. తొందరపడి చేతులు దించినందువల్ల వెనకాల వస్తున్న గుర్రం గెలిచిపోతే, అది పందెపు నియమాల ప్రకారం తప్పు. ఆ జాకీపై కొన్నాళ్లు నిషేధం పడుతుంది.

అందుకే ఈ మాటను ఎక్కడ పడితే అక్కడ వాడకూడదని నాకు అనిపిస్తుంది. ఆఖరి బంతికి గెలిచిన క్రికెట్ మ్యాచ్‌కు ఇది నప్పదు. పది ఓవర్లు మిగిలి ఉండగానే ముగిసిన దానికి నప్పుతుంది. పోటీ ఊసు లేకుండా ‘హ్యాండ్స్ డౌన్ బెస్ట్’ అన్నప్పుడు దాని అర్థం ‘నిస్సందేహంగా’ అని మారుతుంది.

తిరుగు రైలులో దీనికి సరైన తెలుగు మాట కోసం వెతికాను. ‘నల్లేరు మీద బండి నడక’ వెంటనే తోచింది. కాని ఆ సామెతలో ఉన్నది బాట సుగమంగా ఉండటం. ఎదుటివారిని మించిపోయిన బలం అందులో లేదు. చివరకు నా నోటు పుస్తకంలో ‘అవలీలగా గెలవడం’ అని రాసుకుని, పక్కన దించిన చేతుల బొమ్మ ఒకటి గీసుకున్నాను.