ఇఖ్రా అనమంటే…

నల్గొండలో మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. దూదేకులవాళ్ళం, ఉర్దూ అంతంతమాత్రం. అందుకే మా పాప బిస్మిల్లా, అంటే అక్షరాభ్యాసం లాంటి వేడుక, హైదరాబాద్‌లో, తన తమ్ముడి చేతుల మీదుగానే జరగాలని నానమ్మ పట్టుబట్టింది. మల్లేపల్లి తాత అంటాం ఆయన్ని. పిల్లకి నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన రోజు చేయాలని పెద్దల లెక్క. అది గురువారం పడింది. జుమేరాత్ కదా, ముందు నాంపల్లి యూసుఫైన్ దర్గాకి పోదామన్నాడు తాత.

బస్సు, ఎంజీబీఎస్, అక్కణ్ణుంచి ఆటో. ఆటో బేరం సంగతి వదిలేద్దాం.

లోపల పక్కపక్కనే రెండు మజార్లు (సమాధులు), యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా. ఢిల్లీ సూఫీ గురువు షా కలీముల్లా శిష్యులు. ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా ఇటొచ్చారు. 1687 గోల్కొండ ముట్టడిలో ఓ రాత్రి గాలివానకి గుడారాలన్నీ లేచిపోయినా వీళ్ళ దీపం ఆరలేదనీ, ఇద్దరూ ఖురాన్ చదువుతూ కూర్చున్నారనీ చెబుతారు. "దీపం కాదురా, కొలువులో ఉండి కూడా చదువు మానలేదు, అది చూడు" అన్నాడు తాత. నాకైతే దీపమే నచ్చింది.

చాదరు కప్పి, ఫాతిహా చదివించి బయటికొస్తే తాత లేడు. గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని, కుప్పగా పడున్న చెప్పులు జతలు కలుపుతున్నాడు. వేళ్ళు వీధి వైపు వచ్చేలా ఒక్కో జతనీ తిప్పి పెడుతున్నాడు, వచ్చినవాళ్ళు కాళ్ళు దూర్చి వెళ్ళిపోవడానికి. పాప పక్కనే కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది. తాత కుర్రతనంలో మురీదు (శిష్యుడు) అయినప్పుడు ఆయన ముర్షిద్ (గురువు) జిక్ర్, అంటే దైవనామ స్మరణ, ఏదీ చెప్పకుండా నెలల తరబడి ఈ పనే చేయించారట. ఎవరి చెప్పులో చూడకూడదనేది ఒక్కటే షరతు. పెద్దల చెప్పులు సరిచేయడమంటే ఉర్దూలో శిష్యరికం చేయడమనే అర్థం కూడా ఉంది.

ఇంటికొచ్చాక పూలదండ వేసి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. బిస్మిల్లా బాగానే పలికింది. తర్వాత 'ఇఖ్రా' అనమన్నాడు. చదువు అని అర్థం, ఖురాన్‌లో మొదట దిగిన మాట అదే. మా పిల్ల తలెత్తి, "ఇక్కడా?" అంది. అందరం నవ్వేశాం. తాత నవ్వలేదు. దాని వేలు పట్టుకుని అక్షరం మీద ఆనించి, "ఇక్కడే తల్లీ" అన్నాడు.

లడ్డూలు పంచి, బయల్దేరదామంటే పాప కనబడలేదు. గుమ్మంలో ఉంది. అందరి చెప్పులూ వరసగా పెట్టింది. కాకపోతే కుడీ ఎడమా తారుమారు, అన్నీ గోడ వైపు. సరిచేయబోతే తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

నానమ్మ గోడ వైపు తిరిగి నిలబడి చెప్పులేసుకుంది.