టీ480 ల్యాప్‌టాప్‌ని ఏళ్ల తరబడి వాడేవాళ్లకి

2018లో వచ్చిన లెనోవో ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టీ480 ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో బాగా నడుస్తోంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొనేముందు మొదట చూడాల్సింది బ్యాటరీలే. దీంట్లో రెండుంటాయి: లోపల 24 వాట్‌అవర్లది, వెనక ఊడదీసేది. ముందు వెనకదే ఖాళీ అవుతుంది కాబట్టి అరిగేదీ అదే. అది పోతే కొత్తది తగిలించుకోవచ్చు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు లెనోవో వాళ్ల వాంటేజ్ యాప్‌లో చార్జింగ్ 75 శాతం దగ్గర మొదలై 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి.

అసలు భయపడాల్సింది టైప్-సీ పోర్టుల గురించి. చార్జింగూ వాటితోనే, పైగా మదర్‌బోర్డుకి అతికించి ఉంటాయి. కేబుల్ వేలాడుతూ ఉంటే, ఒళ్లో పెట్టుకుని పదేపదే అటూ ఇటూ తిప్పితే, పోర్టు వదులైపోతుంది. ఒకటి వదులైతే రెండోదాంతో చార్జ్ అవుతుంది, కానీ అది తాత్కాలికమే. ఇంకోటి, థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్, అంటే ఆ రెండు పోర్టుల్లో వేగంగా పనిచేసే థండర్‌బోల్ట్ పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్. పాత వెర్షన్‌ మీదే ఉన్న మెషిన్లలో ఆ పోర్టు చచ్చిపోవచ్చు. కొన్నరోజే అప్‌డేట్ చేయండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఫ్యాన్ రొద పెరిగితే కారణం దుమ్ము, లేదా ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు ఎండిపోవడం. శుభ్రం చేయడానికి అడుగు మూత తీసేముందు బయోస్‌లో (మెషిన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) లోపలి బ్యాటరీని డిసేబుల్ చేసి, వెనకది ఊడదీయాలి. మూత క్లిప్పులు మహా పెళుసు. పాత ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా, అంచు వెంబడే రావాలి. ర్యామ్‌కి రెండు స్లాట్లు. ఒకే 16 జీబీ కన్నా రెండు 8లు వేస్తే గ్రాఫిక్స్ చురుగ్గా ఉంటాయి.

స్క్రీన్ మాత్రం చూసే కొనండి. అడ్డంగా 1366 పిక్సెళ్లే ఉండే ప్యానెల్ అంటగడితే కళ్లకి శిక్షే.