తలుపు తెరిచేదాకా

రెండో ఇంటి బెల్ కొట్టాక మనసులో నలభై దాకా లెక్కపెట్టాలి. పెద్దాయన కుర్చీలోంచి లేవడానికి పది, వాకర్ అందుకోవడానికి ఐదు, మిగతాది హాలు దాటి తలుపు దాకా రావడానికి. అయిదో ఇంటావిడకు తొంభై కావాలి. దారిలో ఆగి "వస్తున్నా, వెళ్ళిపోకు" అని కేకేస్తుంది. తొమ్మిదో ఇంట్లో బెల్ పనిచేయదు. కిటికీ అద్దం మీద తట్టాలి, అదీ కుక్క నిద్ర లేవకముందే. ఇవేవీ నేను భోజనాలు చేరవేసే ఇళ్ళ జాబితాలో, అంటే రూట్ షీట్‌లో ఉండవు. అందులో ఉండేవి అడ్రస్, పథ్యం, అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబర్, అంతే.

మా ఆయన ఉద్యోగ వీసా హెచ్-1బీ మీద, నేను ఆయన భార్యగా వచ్చే హెచ్-4 మీద అమెరికాలోని ఒహాయో వచ్చాం. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు మామూలుగా ఉద్యోగం చేయకూడదు. 2015లో వచ్చిన రూల్ ప్రకారం, భర్తకు గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయితే మనం ఈఏడీకి, అంటే పని చేసుకునే అనుమతి కార్డుకు, అప్లై చేసుకోవచ్చు. ఆ కార్డు నా చేతికొచ్చేసరికి రెజ్యుమేలో నాలుగేళ్ళ ఖాళీ. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒక్కటీ తిరిగి ఫోన్ చేయలేదు. గడప దాటలేని ముసలివాళ్ళకు మధ్యాహ్నం భోజనం చేరవేసే సంస్థ ఒకటి చేసింది. పార్ట్‌టైమ్ డ్రైవర్ పని. "ఎంటెక్ చదివి క్యారియర్లు మోస్తున్నావా అమ్మాయ్" అని చుట్టాల్లో ఒకాయన ఫోన్‌లో నవ్వారు. నేనూ నవ్వేశాను. తర్వాత ఆయనకు చాలా రోజులు ఫోన్ చేయలేదనుకోండి, అది వేరే సంగతి.

నాకు రూట్ నేర్పినావిడకు 74 ఏళ్ళు. జీతం లేని వాలంటీర్. కొన్ని ఇళ్ళలో భోజనం తీసుకునేవాళ్ళు ఆవిడ కంటే చిన్నవాళ్ళు. మొదటి రోజు ఆవిడ చెప్పింది రెండే మాటలు: గుమ్మంలో పెట్టి వెళ్ళిపోకూడదు, మనిషిని కళ్ళతో చూడాలి. తలుపు తీయకపోతే అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేయాలి.

అమెరికాలో ఈ పనికి వెనక ఒక చట్టం ఉంది, 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్. భోజనాల పథకం అందులోకి 1972లో వచ్చింది. 60 ఏళ్ళు నిండి ఇల్లు కదల్లేనివాళ్ళకు ఇంటికే పంపుతారు. ఒక్కో భోజనంలో ఆ రోజుకు కావాల్సిన పోషకాల్లో కనీసం మూడో వంతు ఉండాలి. ఆదాయం ఎంతని అడగరు, బిల్లు వేయరు. ఇవ్వగలిగితే ఇవ్వమని ఒక కవరు ఇస్తాం. ఇవ్వలేదని భోజనం ఆపకూడదు, ఎవరు ఎంతిచ్చారో బయటపెట్టకూడదు. నాలుగో ఇంటావిడ ప్రతి శుక్రవారం కవరు నాలుకతో తడిపి, అంచు వెంట గోరుతో రెండుసార్లు గీసి మరీ అంటించి ఇస్తుంది. లోపల కాగితం ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ మాత్రం దాన్ని రెండు చేతులతో ఇస్తుంది.

ఇక టెన్షన్ అంతా వేడి గురించే. వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే, అంటే మన లెక్కలో 57 సెల్సియస్ కంటే, తగ్గకూడదు. పాలు, పండ్లు లాంటివి 41 ఫారన్‌హీట్ దాటకూడదు. అందుకని వేడి సంచి ఒకటి, ఐస్ ప్యాకులు వేసిన కూలర్ ఒకటి. మాకు పన్నెండు ఇళ్ళకు పదమూడు ట్రేలు ఇస్తారు. ఆ పదమూడోది ఎవరికీ కాదు. చివరి ఇల్లు అయ్యాక కారులోనే దాని మూత చీల్చి, థర్మామీటర్ గుచ్చి, అంకె రాయాలి. అంటే మొదటి ఇళ్ళల్లో నేను ఎంతసేపు కబుర్లు చెప్పానో ఆ ట్రే ఆఫీసుకు చాడీలు చెబుతుందన్నమాట. ఒకసారి 128 వచ్చింది. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు, ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. అప్పటి నుంచి గడియారం చూసుకుంటూ పలకరించడం మొదలుపెట్టాను.

కబుర్లు పనికిమాలినవేం కావు. ఒకావిడ ఫ్రిజ్‌లో పాలు పెట్టబోతే, ముందటి నాలుగు రోజుల ట్రేలు మూత కూడా తీయకుండా దొంతరగా ఉన్నాయి. రుచి నచ్చలేదేమో అనుకున్నాను. అసలు సంగతి మూత. ట్రే మీద సాగదీసి అతికించిన ఆ పల్చటి ప్లాస్టిక్ పొర మూలను పట్టుకుని లాగాలి, ఆవిడ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర తిరిగిపోయి ఉన్నాయి. కత్తెర ఉందా అంటే ఉందట, దాన్నీ పట్టుకోలేదు. అప్పటి నుంచి నేనే మూల కత్తిరించి, మడిచి ఇస్తున్నాను. చలికాలానికి ముందు, మంచు పడి మేం రాలేని రోజులకని నిల్వ ఉండే డబ్బాల పెట్టె ఒకటి ఇస్తాం. ఆ డబ్బాలకు రింగు పట్టుకుని లాగే మూతలు. ఇవి ఎంపిక చేసినవాళ్ళ వేళ్ళు బాగా ఉన్నాయన్నమాట.

పథ్యాలు కూడా వరసగా తలకెక్కాయి. ఉప్పు తగ్గించినవి, మెత్తగా నలిపినవి, పూర్తిగా రుబ్బినవి. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు గానీ, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ తింటే మందు లెక్క తప్పుతుంది. విటమిన్ కె వల్ల. ఎంటెక్‌లో ఇవి చెప్పలేదు.

జనవరిలో ఒక మంగళవారం ఏడో ఇంటి పెద్దాయన తలుపు తీయలేదు. ఆయన లెక్క నలభై అయిదు. అరవై దాకా లెక్కపెట్టాను. మళ్ళీ బెల్ కొట్టాను. గాలి మొహం మీద కొడుతోంది. ఇంకా అయిదు ఇళ్ళున్నాయి, నిన్నటి అంకె 136. ఈ వారంలో ఎప్పుడో డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని ఆయన అన్నట్టు గుర్తొచ్చింది. ఆ ఎప్పుడో అనేది ఇవాళే అని నేనే తీర్మానించేశాను. షీట్ మీద "ఇంట్లో లేరు" అని రాసి బండి ఎక్కాను. ఆఫీసుకు ఫోన్ చేసింది చివరి ఇల్లు అయ్యాక.

ఆఫీసు వాళ్ళు కూతురికి ఫోన్ చేశారు. ఆవిడ వేరే ఊళ్ళో ఉంటుంది. ఇవాళ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఏమీ లేదంది. పోలీసులు తలుపు తెరిపించారు. ఆయన పొద్దున్న బాత్‌రూమ్‌లో పడిపోయారు, తుంటి విరిగింది. బెల్ వినిపించిందట. అరిచారట కూడా. నా చెవులకు అప్పుడు ఉన్ని టోపీ.

ఆ రోజు నా పదమూడో ట్రే 141 చూపించింది. చేరినప్పటి నుంచి అంత మంచి అంకె రాలేదు.

నాకు పని నేర్పినావిడ మర్నాడు పార్కింగ్‌లో కలిసింది. తిడుతుందనుకున్నాను. "ఎంత దాకా లెక్కపెట్టావు?" అని మాత్రం అడిగింది. అరవై అన్నాను. తల ఊపి, తన సంచులు తీసుకుని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది. నా ఫోన్ నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలూ ఆయన చల్లటి నేల మీద ఉన్నారు. ఆయనకు నేను ఈ మాట చెప్పాను, తిరిగొచ్చాక. అప్పటికి ఏప్రిల్. "ఎవరో వచ్చారని తెలిసింది కదా, ఎవరో ఒకరు మళ్ళీ వస్తారనుకున్నా" అన్నారాయన.

ఆయన పేరును షీట్‌లో ఏడు నుంచి పన్నెండుకు మార్చమని అడిగాను, మార్చారు. చివరి ఇల్లంటే భోజనం అన్నిటికన్నా చల్లగా అందుతుంది, నాకు మాత్రం ఇంకెక్కడికీ పరిగెత్తే పని ఉండదు. ఇప్పుడు టోపీ తీసి బెల్ కొడతాను. ఆయన లెక్క ఈమధ్య నూట పది. తలుపు తీసి, ట్రే మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఇవాళ కూడా గోరువెచ్చనే" అని సణుగుతారు. నేను మూత కత్తిరించి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడతాను. ఆయన ఈలోగా వాకర్ తిప్పుకుని కుర్చీ వైపు నడక మొదలుపెడతారు.