రెండో టీవీ కలిపాక బొమ్మ ఎందుకు మసకబారింది

ముందు రోజు దాకా నా పాత వీడియో గేమ్ కన్సోల్ సూపర్ నింటెండో బొమ్మ నిగనిగలాడుతూ ఉండేది. రెండో టీవీ కలిపిన సాయంత్రం మబ్బు పట్టినట్టు అయిపోయింది, అదీ రెండు తెరల మీదా. గుహలోకి దిగే చోట దారే కనబడలేదు. "అన్నయ్యా, బ్రైట్‌నెస్ పెంచితే సరిపోదా?" అన్నాడు తమ్ముడు. పెంచి చూశాం. నలుపు కాస్తా బూడిద రంగులోకి వచ్చింది గానీ పోయిన రంగులు తిరిగి రాలేదు.

తప్పు నేను వాడిన వై కేబుల్‌ది, అంటే ఒక వైరుని రెండుగా చీల్చేది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరు వైర్లలో వెళ్లే ఆర్‌జీబీ సిగ్నల్‌ని కన్సోల్, అవతల 75 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం) టీవీ ఒకటే ఉంటుందని లెక్కగట్టి పంపిస్తుంది. అప్పుడు పూర్తి తెలుపుకి 0.7 వోల్టులు అందుతాయి. వైరుని రెండుగా చీల్చి రెండు టీవీలు తగిలిస్తే 75లు రెండూ కలిసి 37.5 ఓమ్‌లవుతాయి, వోల్టేజీ సుమారు 0.47కి పడిపోతుంది. అంటే టీవీకి అందాల్సిన వోల్టేజీలో మూడో వంతు పోయినట్టు. పైపుకి రెండు కొళాయిలు పెడితే ధార సన్నబడినట్టే ఇదీ.

ఒకప్పుడు స్టూడియోల్లో వాడిన మ్యాట్రిక్స్ స్విచ్చర్, అంటే ఏ కన్సోల్ బొమ్మనైనా ఏ తెరకైనా పంపే పెట్టె, ఒకటి దొరికాకే ఈ బాధ తీరింది. ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు. ప్రతి అవుట్‌పుట్‌కీ సొంత యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి ఎన్ని తెరలకి పంచినా ఎవరి వాటా వాళ్లకి పూర్తిగా అందుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ (బొమ్మని తెర మీద సరైన చోట నిలబెట్టే సిగ్నల్) అని కన్సోల్‌కి నాలుగేసి బీఎన్‌సీ కేబుళ్లు. వాటిని గుచ్చి పావు వంతు తిప్పితే టక్కుమని బిగుసుకుంటాయి, లాగినా ఊడవు. ఆ చప్పుడు నాకెంతో ఇష్టం. వెనక చెయ్యి పెడితే ఏది దేనిదో తెలియాలి కాబట్టి, రెండు చివర్లా పేరు రాసిన టేపు చుట్టకుండా ఒక్క కేబుల్ కూడా బిగించను.

ఒక అవుట్‌పుట్ సీఆర్‌టీ (పాతకాలపు పిక్చర్ ట్యూబ్) మానిటర్‌కి వెళ్తుంది, ఇంకొకటి పాత సిగ్నల్‌ని కొత్త టీవీలకి సరిపడేలా మార్చే స్కేలర్ గుండా ఫ్లాట్ టీవీకి. స్కేలర్ ఎందుకంటే, పాత కన్సోళ్లు పంపేది 240పీ, అంటే ప్రతిసారీ 240 గీతల పూర్తి బొమ్మ. చాలా ఫ్లాట్ టీవీలు దాన్ని 480ఐ (రెండు సగాలుగా వచ్చే 480 గీతల బొమ్మ) అనుకుని రెండేసి ఫ్రేములు కలిపేస్తాయి. దెబ్బ తిన్న హీరో ఫ్రేము విడిచి ఫ్రేము మినుకుమనాలి కదా, అలాంటి టీవీల్లో ఒక్కోసారి పూర్తిగా మాయమైపోతాడు.

మానిటర్ వెనక, వచ్చిన సిగ్నల్‌ని ముందుకి పంపే లూప్ సాకెట్ నుంచి ఇంకో చిన్న సీఆర్‌టీ టీవీకి కూడా బొమ్మ వెళ్తుంది. ఆ పక్కనే 75 ఓమ్‌ల బుల్లి స్విచ్ ఉంటుంది. వరసలో చివరి తెర దగ్గరే అది ఆన్‌లో ఉండాలి. మొన్న తమ్ముడు చిన్న టీవీ కేబుల్ పీకేసి, ఆ స్విచ్ సంగతి మర్చిపోయాడు. మానిటర్ మీద తెలుపంతా భగ్గుమంది, అక్షరాల పక్కన నీడలు లేచాయి. వోల్టేజీ దాదాపు రెట్టింపైంది మరి! స్విచ్ ఇటు నొక్కగానే అంతా సర్దుకుంది.

నింటెండో వాళ్ల ఇంకా పాత కన్సోల్ నెస్‌కి ఆర్‌జీబీ లేదు. దాన్ని కాంపోజిట్‌లో, అంటే రంగులన్నీ ఒకే వైరులో కలిపి వెళ్లే పద్ధతిలో, నేరుగా మానిటర్‌కే కలిపాను, అక్కడే ఉండాలి కూడా. తుపాకీతో బాతుల్ని కొట్టే డక్ హంట్ ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం మెరుస్తుంది, ఆ వెలుగుని తుపాకీ పట్టుకుంటుంది. ఫ్లాట్ టీవీలో ఆ మెరుపు ఆలస్యమవుతుంది, గురి ఎంత సరిగ్గా ఉన్నా బాతు పడదు.

సెగా వాళ్ల మెగా డ్రైవ్ కన్సోల్‌కి మాత్రం ఆర్‌జీబీ, కాంపోజిట్ రెండూ ఉంచాను. దానిలోని సోనిక్ ఆటలో జలపాతం నిజానికి సన్నటి నిలువు గీతలే. కాంపోజిట్ వాటిని కలిపేస్తే అవతలున్నవి నీళ్లలోంచి కనిపిస్తాయి. ఆర్‌జీబీలో ఆ గీతలు గీతల్లాగే ఉండిపోతాయి. స్పష్టంగా ఉన్నదే మంచి బొమ్మని నేను ఒప్పుకోను. ఆ జలపాతం వరకు నాకు కాంపోజిటే కావాలి.

ఇప్పుడు తమ్ముడు మానిటర్ ముందు బాతుల్ని కొడుతుంటే నేను ఫ్లాట్ టీవీలో ప్లేస్టేషన్ ఆడుకుంటున్నాను. ఒక్క ఇబ్బంది మిగిలింది. కొన్ని ఆటల్లో మెనూ తెరవగానే 240పీ నుంచి 480ఐకి మారుతుంది, స్కేలర్ సింక్ పట్టేదాకా తెర నల్లగా ఉండిపోతుంది. అలాంటి ఆట పెట్టినప్పుడు స్విచ్చర్‌లో బటన్ నొక్కి, చిన్న సీఆర్‌టీ ముందుకి కుర్చీ లాక్కుంటాను.