22 నిమిషాలకే చేతులెత్తేస్తున్న పంపు: మారుతి 800 ఇంజెక్షన్ మార్పిడి

కార్బురేటర్ తీసి పెట్రోలు ఇంజెక్షన్ పెట్టిన మారుతి 800, మళ్లీ అదే వరస. సరిగ్గా 22 నిమిషాలు. 3 బార్ దగ్గర కదలకుండా ఉన్న పెట్రోలు ప్రెషరు గేజి ముల్లు ఉన్నట్టుండి వణికి 1.9కి జారింది. అడుగున పంపు కంకర నములుతున్నట్టు రొద. ఏఎఫ్‌ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి) 14.5 నుంచి 17 దాటింది, ఇంజిన్ రెండు తుమ్ములు తుమ్మి ఆగింది. ముప్పావుగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, చెన్నై ఉక్కలో, ఈ బండిని వడపళని సిగ్నల్ దాకా తీసుకెళ్లడం జరిగే పని కాదు.

మిగతావి బాగానే ఉన్నాయి. స్పీడ్యూనో (ఇంజెక్షన్ నడిపే కంప్యూటరు), క్రాంక్ ట్రిగ్గరు (క్రాంక్ తిరుగుడు చెప్పే సెన్సరు) కుదిరాయి, ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) దగ్గర చుక్క కూడా కారలేదు.

ఇప్పుడున్న అమరిక: కార్బురేటర్ మోడల్ 28 లీటర్ల ట్యాంకు, అందులోంచి పెట్రోలు లాగే పాత పికప్ గొట్టం, పేపర్ ఫిల్టరు, దాని తర్వాత ఫ్లోరుకి బిగించిన ఇన్‌లైన్ రోలర్ పంపు, ముందుకి 8 మి.మీ. లైను, రెయిల్ చివర 3 బార్ రెగ్యులేటరు (ప్రెషరుని అక్కడ పట్టి ఉంచి మిగతా పెట్రోలు వదిలేది), అక్కడి నుంచి ట్యాంకుకి 6 మి.మీ. రిటర్ను. స్పీడ్ బ్రేకర్లకి తగలకూడదని పంపుని ట్యాంకు అడుగుకంటే 60 మి.మీ. పైన పెట్టడం జరిగింది. తప్పు అక్కడే మొదలైంది. ఈ రకం పంపు నెట్టడంలో మొనగాడే గానీ పీల్చడంలో ఉత్త దద్దమ్మ.

మొదట అనుమానం వైరింగు మీద. పంపు టెర్మినళ్ల దగ్గర చల్లగా ఉన్నప్పుడు 13.5 వోల్టులు, మొరాయిస్తున్నప్పుడు 13.3. కాబట్టి అది కాదు. తర్వాత రెగ్యులేటరు. మొరాయిస్తున్న సమయంలో రిటర్ను రబ్బరు పైపుని ఒక్క సెకను నొక్కి చూస్తే ప్రెషరు 2.1 దాకానే లేచింది. రెగ్యులేటరే వదిలేస్తుంటే 3 దాటి ఎగబాకాలి. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుందేమోనని మూత తీస్తే బుస్సుమన్న చప్పుడూ లేదు, ముల్లులో మార్పూ లేదు.

గుట్టు విప్పింది తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు. మామూలుగా 5.6 ఆంపియర్లు లాగే పంపు, ప్రెషరు పడినప్పుడు 3.8 లాగుతోంది. పంపు దాటాక ఎక్కడైనా మూసుకుంటే కరెంటు పెరగాలి. ప్రెషరూ కరెంటూ కలిసి పడితే పంపులోకి వస్తున్నది పెట్రోలు కాదు, ఆవిరి.

ఎందుకు మరుగుతోంది? రిటర్ను డబ్బాలోకి పట్టి కొలిస్తే 30 సెకన్లకి 0.9 లీటరు, అంటే గంటకి సుమారు 108 లీటర్లు. ఐడిల్‌లో ఈ ఇంజిన్ గంటకి లీటరు కూడా తాగదు. మిగిలిందంతా బానెట్ కింద వేడెక్కి వెనక్కి వస్తోంది. ట్యాంకులో ఉన్నది 6 లీటర్లే కాబట్టి మొత్తం పెట్రోలు మూడున్నర నిమిషాల లోపే ఒక చుట్టు తిరుగుతోంది. రిటర్ను ఉష్ణోగ్రత మొదట్లో 33 డిగ్రీలు, పదో నిమిషానికి 41, ఆగేముందు 52. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కలిపిన ఇథనాల్ ఆ ఆవిరి ఒత్తిడిని ఇంకాస్త పెంచుతుంది. దానికి తోడు పంపు ముందు పేపర్ ఫిల్టరు వల్ల 9 కిలోపాస్కల్ వ్యాక్యూమ్, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. మరగడానికి ఇంకేం కావాలి?

పేపర్ ఫిల్టరు తీసి 100 మైక్రాన్ జాలీ పెడితే వ్యాక్యూమ్ 3కి దిగింది, 22 నిమిషాలు 31 అయ్యాయి. ట్యాంకులో 20 లీటర్లు పోస్తే గంట దాటినా ఆగలేదు. కానీ అది మందు కాదు, వాయిదా. పికప్ గొట్టం బోరు 5.5 మి.మీ. మాత్రమే, అందులో పెట్రోలు సెకనుకి 1.3 మీటర్ల వేగంతో వెళ్తోంది. 8 మి.మీ. అయితే సగానికి పడుతుంది. వెండి రంగు హీట్ టేపు రెండు మీటర్లు చుడితే కలిసొచ్చింది రెండు నిమిషాలు. ఫొటోలకి బాగుంటుంది.

స్విర్ల్ పాట్ (పంపు ముందు పెట్టే చిన్న పెట్రోలు డబ్బా) పెట్టమనే సలహా ఎప్పుడూ ఉండేదే. రిటర్నుని పాట్‌లోకే తిప్పితే 1.5 లీటర్ల పెట్రోలు 50 సెకన్లకోసారి తిరిగి ఇంకా త్వరగా కాగుతుంది. మలుపుల్లో పికప్ ఖాళీ అయ్యే రేసు బండికి అది సరే, సిగ్నళ్ల దగ్గర నిలబడే బండికి కాదు.

తర్వాతి మెట్టు, కంపెనీ నుంచే ఇంజెక్షన్‌తో వచ్చిన ఎంపీఎఫ్‌ఐ 800 ట్యాంకు. చెన్నైలో పాత విడిభాగాలు దొరికే పుదుప్పేటలో వెతకాలి. టార్చి వేసి లోపల తుప్పు చూడకుండా బేరం ఆడకూడదు. పాత ట్యాంకుకే రంధ్రం కోసి వెల్డింగ్ చేయించే ఆలోచన ఉన్నవాళ్లు మానుకోండి, ఖాళీ ట్యాంకులో ఆవిరి బాంబుతో సమానం. పంపు లోపల మునిగి ఉంటుంది, రెగ్యులేటరు కూడా ట్యాంకు దగ్గరే పెట్టి ముందుకి ఒక్క లైనే నడపాలి. అప్పుడు బానెట్ వేడి వెనక్కి రాదు. లోపలి హోసు జె30 ఆర్10 రకమే కావాలి, బయట వాడే ఆర్9 మునిగితే ఉబ్బి చీలుతుంది. స్క్రూ తిప్పి బిగించే వార్మ్ క్లాంపులు రబ్బరుని కోస్తాయి, ఇంజెక్షన్ క్లాంపులే మేలు. రేసు బండ్లలో వాడే ఏఎన్ పైపు ఫిట్టింగులకి పోసే డబ్బు ఈ చిన్న ఇంజిన్‌కి దండగ.

ఒక చిక్కు ఉంది. వెనక ఉన్న రెగ్యులేటరుకి, ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డ్ వ్యాక్యూమ్ అందదు. ఐడిల్‌లో మ్యాప్ (మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి) 35 కిలోపాస్కల్ ఉంటే ఇంజెక్టర్ మీద అసలు తేడా 3.65 బార్, పెట్రోలు దాదాపు 10 శాతం ఎక్కువ పడుతుంది. వీఈ టేబుల్లో (స్పీడ్యూనో పెట్రోలు లెక్కకట్టే పట్టిక) తక్కువ లోడు ఉండే కింది వరసలు ఆ మేరకు తగ్గించాలి, ఫుల్ థ్రాటిల్ వరసలు ముట్టుకోనక్కర్లేదు. కొత్త ట్యాంకులో పెట్రోలు మట్టం చెప్పే సెండర్ ఓములు పాత పెట్రోలు గేజికి సరిపోతాయో లేదో మల్టీమీటరు పట్టాకే తేలుతుంది.