గోడ మీద రెండు గడియారాలు

నిద్ర లేచి టైం చూద్దామని తల ఎత్తితే, గోడ మీద రెండు గడియారాలు పక్కపక్కన కనిపించాయి. కళ్లు నులుముకున్నా రెండూ అక్కడే ఉన్నాయి. చేతిలో ఫోన్ మాత్రం ఒకటే. కళ్లజోడు పవర్ మారిందేమోలే అని ఆ రోజంతా నెట్టుకొచ్చాను. తప్పే చేశాను, ఉన్నట్టుండి ఇలా వస్తే ఆ పూటే డాక్టర్‌కి చూపించుకోవాలట.

మర్నాడు కంటి డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఒక కన్ను మూసి చూశారా?" నాకసలు తట్టనేలేదు! అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కుడి కన్ను మూస్తే ఒకటే, ఎడమది మూసినా ఒకటే. రెండూ తెరిస్తేనే రెండు. ఒక కన్ను మూసినా రెండుగానే కనిపిస్తే లోపం తెరిచి ఉన్న ఆ కంటిలోనే ఉంటుందట. శుక్లమో, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా ఆకారంలో తేడానో, కన్ను పొడిబారడమో. నా కళ్లు విడివిడిగా బాగానే ఉన్నాయి, కలిసి ఒకే చోటికి తిరగడం లేదు.

తల కదపకుండా పెన్ను వెంట చూపు తిప్పమన్నారు. ఎడమకు ఇబ్బంది లేదు. కుడికి జరిగేకొద్దీ పెన్ను రెండై, ఆ రెండూ దూరమయ్యాయి. కుడి కన్ను సగంలోనే ఆగిపోతోందన్నారు. కన్నును బయటి వైపుకి లాగే కండరాన్ని నడిపేది ఆరో నరం. షుగర్ వల్ల దానికి రక్తం సరిగా అందలేదు. మాత్రలు వేసుకోవడంలో నా బద్ధకం గురించి ఆయన అడగలేదు, నేనే చెప్పేశాను.

రెప్ప వాలుతోందా, మాట తడబడుతోందా, తలనొప్పి ఉందా, సాయంత్రానికి ఎక్కువవుతోందా అని వరసగా అడుగుతుంటే టెన్షన్ వచ్చింది. రెప్ప వాలి, కంటిపాప పెద్దదైతే మెదడులో రక్తనాళం ఉబ్బిందేమోనని వెంటనే చూడాలట. సాయంత్రానికి ముదిరితే మయస్తీనియా అనే కండరాల జబ్బు కావచ్చట. నాకు అవేవీ లేవు, ఎంఆర్ఐలోనూ ఏమీ కనపడలేదు.

ఇక మందు షుగర్‌కే. కంటికి ఒక ప్యాచ్, మూడు నెలల ఓపిక. ప్యాచ్‌తో దూరం అంచనా తప్పి, గ్లాసు పక్కన నీళ్లు పోసిన రోజులున్నాయి. బండి తాళాలు ఇంట్లోవాళ్లు దాచేశారు. రోజూ పొద్దున్నే ప్యాచ్ తీసి గడియారం చూసేవాణ్ణి. మొదట మూరెడు దూరం, తర్వాత జానెడు, తర్వాత అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. పదకొండో వారంలో ఒక్కటే మిగిలింది.

కుడి వైపు చూడలేక ఆ రోజుల్లో తలే కుడికి తిప్పుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ ఫొటోల్లో నా తల కాస్త అటే తిరిగి ఉంటుంది.